నెలకు ఎన్ని కోస్తారు?

మనోతీరం ట్రస్టు వాళ్ళు అచ్చు వేయించిన నిగనిగలాడే పుస్తకంలో పదకొండో పేజీలో ఒక ఫోటో ఉంది. మధ్యలో కళ్ళకు నల్లటి డబ్బా కట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన. ఆయన వెనక ఒక ఆడమనిషి భుజం, సగం చెవి, చెవికి కమ్మ. కింద 'స్థానిక సహాయకురాలు' అని ఉంది. ఆ సగం చెవి సోమక్కది. ఆ రెండు మాటలు తెలుగులోకి మార్చింది నేను. రాసిన చేతికి సిగ్గేసి ఇప్పుడు మిగతా మనిషిని రాస్తున్నాను.

నా పేరు జయరాముడు. హిందూపురంలో నాకొక డీటీపీ సెంటరుంది. పెళ్ళి పత్రికలు, కోర్టు కాగితాలు, కన్నడం నుంచి తెలుగుకు, ఇంగ్లీషు నుంచి రెంటికీ మార్చిపెట్టడం నా పని. మూడు భాషలు వచ్చునని ఊళ్ళో నాకు కొంచెం పేరు. నాకు నామీద అంతకంటే ఎక్కువ గౌరవం. ఈ కథలో జరిగిన తప్పంతా ఆ గౌరవం దగ్గరే మొదలైంది.

సోమక్కది తాడిమర్రి. తండ్రి శెనక్కాయ చేలల్లో కూలి. పదహారేళ్ళకు ధర్మవరంలో ఒక మగ్గం ఇంటికి కోడలిగా వచ్చింది. గడప దాటిన గంటలోనే అత్తగారు ముందర రాట్నం పెట్టి కండెలు చుట్టమన్నదని ఇప్పటికీ చెబుతుంది. తెగిన పట్టుపోగును ముడి కనపడకుండా అతికించడం ఆమె అక్కడే నేర్చుకుంది. మొగుడు గంగాధర మగ్గం మీద కంటే నోటితో ఎక్కువ నేసే మనిషి. నేసీ నేసీ ఒకరోజు మగ్గమే అమ్మేశాడు. ఆ వారమే సోమక్క పొద్దున ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగి, బస్టాండు దగ్గర ఒక చిన్న నర్సింగ్‌హోములో చీపురు పట్టింది. రెండేళ్ళకు అక్కడ కట్లు కట్టే మనిషి పని మానేసి బెంగళూరుకు పోయాడు. డాక్టరు ఆమె చేతుల వైపు చూసి, నీ చెయ్యి వణకదు, ఇకమీదట నువ్వే కట్టు అన్నాడు. అప్పటి నుంచి ఇరవై రెండేళ్ళుగా కడుతూనే ఉంది.

హైవే పక్క ఊరు కాబట్టి దెబ్బలకు కరువు లేదు. వచ్చిన ప్రతి మనిషీ దెబ్బతో పాటు ఒక కథ కూడా తెస్తాడు. తాగి పడినవాడు కుక్క అడ్డమొచ్చిందంటాడు. మొగుడి చేత తన్నులు తిన్న ఆమె తలుపు తగిలిందంటుంది. సోమక్క అన్నిటికీ 'అట్లనా' అంటుంది. అంతకు మించి ఒక్క ప్రశ్న అడగదు. కట్టుగుడ్డ చుట్టను వాళ్ళ రెండో చేతికి ఇచ్చి పట్టుకోమంటుంది. చేతికి ఏదో ఒక పని ఉన్న మనిషి లేచి పారిపోడని ఆమె నమ్మకం. ఆ తర్వాత తన మొగుడి ఘనకార్యాలు మొదలుపెడుతుంది. కట్టు అయిపోయేసరికి వచ్చినవాడు నొప్పి మరచిపోయి గంగాధరను తిడుతుంటాడు.

అడగకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కట్లు కట్టడం నేర్చుకున్న తొలి ఏడాది ఒక పిల్ల వచ్చింది. చేతి మీది గాయం తనకు తానే చేసుకున్నదని సోమక్కకు చూడగానే తెలిసింది. సిగ్గు లేదా, అమ్మానాయనా గుర్తుకు రాలేదా అని గదంతా వినపడేట్టు తిట్టింది. మంచికే తిడుతున్నాననుకుంది. ఆ పిల్ల కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ రాలేదు. తర్వాత ఏమైందో సోమక్కకు ఈరోజుకీ తెలియదు. ఎవరి గురించైనా వెటకారంగా మాట్లాడే మనిషి, ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం గొంతు తగ్గిస్తుంది.

ఇక మా ట్రస్టు సంగతి. మనసులో బాధ పట్టలేక తమను తామే గాయపరచుకునేవాళ్ళకు వర్చువల్ రియాలిటీతో ఊరట ఇస్తామని బెంగళూరు నుంచి బయలుదేరింది. కళ్ళకు డబ్బా కట్టుకుంటే చుట్టూ సముద్రం కనపడుతుంది. ఒక గొంతు నెమ్మదిగా ఊపిరి పీల్చమని చెబుతుంది. ఆ బాధ పొంగుకొచ్చిన పది నిమిషాలు ఎలాగో దాటిస్తే మనిషి గట్టెక్కుతాడట. ఆలోచన చెడ్డదని నేననను. పక్కన ఒక మంచి డాక్టరు, నమ్మకమైన మనిషి ఉంటే ఆ పది నిమిషాలు నిజంగానే పనికొస్తాయని తర్వాత నాకు తెలిసింది. కానీ వాన కోసం మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసే ఊళ్ళకు ఏకంగా సముద్రాన్నే పట్టుకొచ్చిన వాళ్ళకు, ఆ ఊళ్ళలో మనుషులు ఎట్లా మాట్లాడుకుంటారో కనుక్కునే తీరిక లేకపోయింది.

ప్రాజెక్టు మేనేజరు ఉమాశంకర్ హిందూపురంలో పుట్టి, బెంగళూరులో పెరిగి, తెలుగును పండగ సెలవుల్లో మాత్రం వాడుకునే మనిషి. ఇంటింటికీ తిరిగి అడిగే ప్రశ్నలు ఇంగ్లీషులో తెచ్చి నాకిచ్చాడు. మొదటి ప్రశ్నను నేను 'మీ ఒంటిని మీరే గాయపరచుకుంటారా' అని సరిగ్గానే రాశాను. అది మరీ మొరటుగా ఉందన్నాడు. జనం నొచ్చుకుంటారు, 'ఒళ్ళు' తీసెయ్, 'గాయం' తీసెయ్ అన్నాడు. పైగా ట్యాబ్ తెర మీద ఒక్క వరుసలో పట్టాలన్నాడు. తీసేయగా తీసేయగా చివరికి 'మీరు కోస్తారా?' అని మిగిలింది. దాని కింద 'నెలకు ఎన్ని?' అని వేశాను. క్లుప్తంగా, అందంగా ఉందని ఆయన మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను. హిందూపురంలో కోసేదంటే కూరగాయలు, కోళ్ళు. ధర్మవరంలో ఏమిటో నేను ఆలోచించలేదు.

ధర్మవరంలో కోసేదంటే చీర. నేత పూర్తయ్యాక నిలువు పోగులు తెంచి, చీరను మగ్గం నుంచి విడదీస్తారు. దాన్నే చీర కోయడం అంటారు. ఎవరి పని ఎట్లా నడుస్తోందో కనుక్కోవాలంటే అక్కడ అడిగే మాట ఒక్కటే, ఎన్ని కోసినావు అని. అలాంటి వీధుల్లోకి మాఘమాసంలో, ముహూర్తాల గిరాకీ మీద ప్రతి మగ్గమూ టకటకలాడుతున్నప్పుడు, ట్రస్టు సర్వేకు పెట్టుకున్న కాలేజీ పిల్లలు ట్యాబ్‌లు పట్టుకుని పోయారు.

మీరు కోస్తారా అని అడిగారు. కొయ్యకేం, కోస్తాం అన్నారు. నెలకు ఎన్ని అంటే మూడు, ముహూర్తాలుంటే నాలుగు అన్నారు. ఎన్నో ఏట మొదలుపెట్టారంటే పన్నెండో ఏట. ఇంట్లో ఇంకెవరైనా కోస్తారా అంటే నాయన కోశాడు, తాత కోశాడు, ఇప్పుడు తమ్ముడు పక్కింట్లో కోస్తున్నాడు. కోసిన తర్వాత ఎలా అనిపిస్తుందంటే నెత్తి మీది బరువు దించినట్టుంటుందన్నారు. కోయకుండా ఉండగలిగే రోజులేమైనా ఉన్నాయా అంటే మంగళవారం మాత్రం కొయ్యము అన్నారు. ఇదేదో నేతగాళ్ళకు సర్కారు ఇచ్చే కొత్త పథకమని వీధిలో పుకారు పుట్టింది. మగ్గం మూలపడ్డ ఇల్లయితే పేరు కొట్టేస్తారని భయపడి, నెలకు రెండు కోసేవాడు కూడా నాలుగని చెప్పాడు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ట్యాబ్ అన్నిటికీ మార్కులు వేసుకుంటూ పోయింది. రెండు వందల పన్నెండు మంది తీవ్ర ప్రమాదంలో ఉన్నారని తేల్చింది. ఆ అంకె చూసి ఉమాశంకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత అవసరం ఉన్న ఊరు తనకు ఇంకెక్కడా తగల్లేదన్నాడు. బాధో సంతోషమో నాకు తెలియలేదు. వారం తిరక్కుండా ధర్మవరంలో ఒక పట్టునూలు కొట్టు పైన మేడగది బాడుగకు తీసుకుని, నాలుగు కుర్చీలు వేసి సెంటరు తెరిచారు. పెట్టెలు మోయడానికి, లెక్కలు పంపడానికి నన్ను పెట్టుకున్నారు. డబ్బాలు కట్టడానికి, విప్పడానికి, తుడవడానికి ధర్మవరం మనిషి ఒకరు కావాలంటే పెనుకొండ డాక్టరు వారానికి మూడు రోజులు సోమక్కను పంపాడు. రెండు వందల పన్నెండు మంది దేనికి వస్తున్నారో ఆమెకెవరూ చెప్పలేదు. రహస్యం కాపాడాలని రూలుంది మరి. పగలంతా వంగి పనిచేసేవాళ్ళు కదా, మెడనొప్పికి ఇదేదో కొత్త వైద్యం అనుకుంది.

అందరిలోకీ ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడు పాపన్న. యాభై ఎనిమిదేళ్ళు, ఇరవైకి పంతొమ్మిది. పుస్తకంలో ఫోటో ఆయనదే. ప్రతి సోమవారం తలారా స్నానం చేసి, విభూతి పెట్టుకుని సముద్రం చూడటానికి వచ్చేవాడు. డబ్బాలోని గొంతు రేడియోలో వార్తలు చదివినట్టు, మీ బాధను అలతో పాటు వదిలివేయండి అనేది. పాపన్న మర్యాదగా, అట్లేలేమ్మా అనేవాడు. ఇంకోసారి ఆ నీళ్ళ రంగు కొంగుకు బాగుంటుందని, ఆ గొంతును రెండు నిమిషాలు గమ్మునుండమని కోరాడు. మెట్లు ఎక్కేటప్పుడు ఆయనకు మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని కూతురు శ్రుతి వెంట వచ్చేది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ రెండో ఏడాది. వాకిలి పక్కన స్టూలు మీద నాయన కండువా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఏప్రిల్ నెల ధర్మవరంలో మేడగది ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఫ్యాను కింద నేను బనీనుతో కూర్చునేవాణ్ణి. ఆ పిల్ల మాత్రం వేళ్ళ కణుపుల దాకా చేతులున్న చుడీదారు వేసుకుని వచ్చేది. ఎవరైనా దగ్గరగా పోతే ఆ చేతులను ఇంకొంచెం కిందికి లాక్కునేది. నేను మూడు వారాలు చూసి, పద్ధతి గల పిల్ల అనుకున్నాను. సోమక్క రెండో వారమే ఆ చేతుల సంగతి కనిపెట్టి చూపు తిప్పుకుంది. మూడో వారం నన్ను మెట్ల మీదికి పిలిచి, ఆ పాపను డాక్టరమ్మతో మాట్లాడించాలని చెప్పింది. డాక్టరమ్మంటే సుధ. గురువారం గురువారం బెంగళూరు నుంచి ట్యాబ్‌లో కనపడి, ఒక్కొక్కరితో అరగంట మాట్లాడాలని ఏర్పాటు. ఆ వారమే మొదలుకాబోతోంది.

నేను ట్యాబ్ తీసి చూశాను. సర్వే రోజు శ్రుతిని కూడా అడిగారు. జవాబు లేదు అని. మార్కులు సున్నా. ఏడుకు తగ్గితే డాక్టరు దొరకదని రూలు. మరి వాళ్ళ నాయనకెట్లా దొరికిందని సోమక్క అడిగింది. రహస్యం సంగతి మరచిపోయి, ఆయన జవాబులన్నీ చదివి వినిపించాను. నెలకు మూడు కోస్తాడు, పన్నెండో ఏట మొదలు, కోసినాక హాయి, మంగళవారం కోయడు.

సోమక్క మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "చీరప్పా అది. కోసేదంటే చీర. రెండు నెలలాయ, ఊరూరంతటికీ పిచ్చని రాసుకొని కూర్చుండారు గదప్పా మీరు" అంది. నాకు చెవులు వేడెక్కాయి. మూడు భాషలూ ఒక్కసారే మరచిపోయాను. అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది. వాకిలి దగ్గర కూర్చున్న పిల్ల వైపు చూసింది.

"అయితే ఇంతమందిలో కావాల్సిన పాప ఒక్కతే. దానికి సున్నా వేసినారు."

నేను అక్కడి నుంచే ఉమాశంకర్‌కు ఫోను చేశాను. తప్పు సంగతి చెప్పే ధైర్యం రాలేదు. ఒక్క పేరు కొత్తగా చేర్చమని మాత్రం అడిగాను. సిస్టం ఒప్పుకోదు, మూడు నెలల తర్వాత మళ్ళీ సర్వే ఉంటుంది, అప్పుడు ఆ అమ్మాయికి ఏడు దాటితే చూద్దాం అన్నాడు. ఆ మాటే సోమక్కకు చెప్పాను. ఆమె ట్రస్టునూ నన్నూ కలిపి ఒక మాట అంది. దాన్ని ఏ భాషలోకీ మార్చను.

తర్వాత ఆమె చేసిన పని ఇది. పాపన్నను కింద టీ తాగి రమ్మని పంపింది. నన్ను ఆయనకు తోడు పొమ్మంది. శ్రుతిని పిలిచి, ఈ డబ్బా పనిచేస్తుందో లేదో కొంచెం చూసిపెట్టు పాపా అని కుర్చీలో కూర్చోబెట్టి కట్టింది. ముందురోజు దాన్ని చార్జింగు పెట్టడం నేను మరచిపోయాను. ఆ పిల్ల కళ్ళ ముందు సముద్రమూ రాలేదు, గొంతూ రాలేదు. చీకటిగా ఉండాదక్కా అందట. ఉండనీలే, అట్లే కూర్చో అందట సోమక్క. కూర్చుని తన అలవాటు ప్రకారం గంగాధర మగ్గం అమ్మిన కథ ఎత్తుకుంది. కథ సగంలో ఉండగానే, డబ్బా లోపలి నుంచి ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది.

నేనూ పాపన్నా రెండేసి టీలు తాగి, ఆయన చెప్పిన సముద్రం రంగుల గురించి పూర్తిగా విని పైకి వచ్చేసరికి ముప్పావుగంట గడిచింది. శ్రుతి మొహం కడుక్కుని స్టూలు మీద కూర్చుని ఉంది. సోమక్క డబ్బా లోపలి స్పాంజిని పిండి ఎండకు పెడుతోంది. ఆ పిల్ల ఏం చెప్పిందో సోమక్క నాతో ఈనాటికీ అనలేదు. ఎదుటి మనిషి మొహం కనపడకపోతే, తన కళ్ళు ఇంకొకరికి కనపడకపోతే మాట వస్తుందని మాత్రం అంది. లక్షలు పోసి కొన్న యంత్రం మాకు నిజంగా పనికొచ్చింది అది ఆగిపోయిన రోజే.

గురువారం నాయనకు తెలియకుండా వచ్చిన శ్రుతిని, పాపన్నకు రాసిపెట్టిన అరగంటలో ట్యాబ్ ముందు కూర్చోబెట్టాం. అటువైపు సుధ డాక్టరు కాగితం చూసి, ఈ పిల్లను చూసి, యాభై ఎనిమిదేళ్ళ పాపన్న మీరేనా అని అడిగింది. సోమక్క ముందుకు వంగి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చీర సంగతి కూడా చెప్పింది. ఆ డాక్టరు నవ్వలేదు. మిగతా రెండు వందల మంది సంగతి తర్వాత చూసుకుందాం, మీరిద్దరూ బయటికి పోండి, నేను ఈ అమ్మాయితో మాట్లాడాలి అంది. నేను ట్రస్టులో చూసిన మొట్టమొదటి తెలివైన పని అది.

అట్లా పది గురువారాలు నడిచాయి. నిజం బయటపెడితే సెంటరు ఎత్తేస్తారని నాకూ, సోమక్కకూ, సుధ డాక్టరుకూ తెలుసు. తప్పు నాది కాబట్టి మూసిన నోరు నాకు సుఖంగానే ఉంది. సోమక్క మాత్రం ప్రతివారం చెప్పేద్దామా అని అడిగేది. అయినా శ్రుతి గురువారాలు ఆగకూడదు, అదొక్కటే ఆమె పట్టుదల. ఎనిమిదో వారమో తొమ్మిదో వారమో ఆ పిల్ల ఒకసారి గంగాధర మామ ఇంకేం అమ్మినాడక్కా అని తనంతట తాను అడిగింది. ఇల్లు చేరేదాకా సోమక్క ఆ మాటే చెప్పుకుందట.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. పవర్‌లూం చీరలు వచ్చి బజారు నిండా పడ్డాయి. షావుకార్లు నూలు ఇవ్వడం తగ్గించారు. సరిగ్గా అప్పుడే మా పిల్లలు మళ్ళీ ట్యాబ్‌లు పట్టుకుని, ఈ నెల ఎన్ని కోశారని అడుగుతూ తిరిగారు. ఒకటి అన్నారు. అదీ లేదన్నారు. గ్రాఫు కొండ మీది నుంచి రాయి దొర్లినట్టు కిందికి పోయింది. సముద్రం చూపించి ధర్మవరంలో కోతలు మూడొంతులు తగ్గించామని ట్రస్టు ప్రకటించింది. ఆ ప్రకటన తెలుగు చేసింది నేనే. ధర్మవరం వాళ్ళు ఒట్టి చీరలు కోశారు, కోతలు కోసింది మాత్రం మేము.

హిందూపురంలో ఒక కల్యాణమండపంలో సభ పెట్టారు. వేదిక మీద దాతలు, పూలకుండీలు, వెనక గోడంత సముద్రం. నిగనిగల పుస్తకం పంచారు. సుధ డాక్టరు కూడా వచ్చి రెండో వరుసలో కూర్చుంది. ఉమాశంకర్ మైకు పట్టుకుని, ధర్మవరంలో మన పని పూర్తయింది, ఆ సెంటరు మూసి వేరే జిల్లాకు తీసుకుపోతున్నాం అని చెప్పాడు. పక్కన కూర్చున్న సోమక్క నా మణికట్టు పట్టుకుంది. ఇన్నాళ్ళూ అబద్ధాన్ని కాపాడినా శ్రుతి గురువారాలు పోతున్నాయి.

పంతొమ్మిది నుంచి మూడుకు దిగిన పాపన్నను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మీ విజయం గురించి నాలుగు మాటలు చెప్పండని మైకు చేతికిచ్చారు. ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఏం విజయం సార్? మాఘంలో మూడు కోస్తాంటి. ఇప్పుడు నూలు లేదు, పని లేదు. నెలంతా కూర్చుని ఒక్కటి కోసినా. దానికి చప్పట్లెందుకు కొడతాండారో నాకు తెల్యలేదు."

మండపంలో కొందరికి అర్థమైంది, కొందరికి పక్కవాళ్ళు చెప్పారు. ముందు వరుసలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సోమక్క లేచి నిలబడి, కోసేదంటే చీర సార్, మీ కాగితమే తప్పు అని మొత్తం చెప్పేసింది. నా పేరు చెప్పకుండా వదిలేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే లేచి, తెలుగు చేసింది నేనని ఒప్పుకున్నాను.

ఉమాశంకర్ మొహం పాలిపోయింది. కానీ మేనేజర్లు ఊరికే అవరు. అరనిమిషంలో తేరుకున్నాడు. చీరలు లెక్కలోంచి తీసేస్తే ఎంతమంది మిగులుతారని వేదిక మీది నుంచే నన్ను అడిగాడు. ట్యాబ్ చూసి సున్నా అన్నాను. వేరే జవాబు ఆ ట్యాబ్‌లో లేదు. ఆయన ఇంకో మైకు అందుకుని అందులో ఊపిరి వదిలాడు. అయితే ఇది ఇంకా మంచి వార్తే, ధర్మవరంలో అసలు సమస్యే లేదన్నమాట అన్నాడు. మళ్ళీ రెండు చప్పట్లు పడ్డాయి.

శ్రుతి వేదిక మెట్ల దగ్గర నాయన చెప్పులు చూసుకుంటూ నిలబడి ఉంది. సోమక్క ఆ పిల్ల మొహం చూసి, వద్దు పాపా, నువ్వేం చెప్పనక్కర్లేదు అని చెయ్యి పట్టుకోబోయింది. శ్రుతి ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. మైకు లేకుండానే మాట్లాడింది.

"సున్నా కాదు సార్. వీధిలో అందరికీ చీర అని అర్థమయింది. మీరు అడిగింది ఏందో నాకొక్కదానికే అర్థమయింది. మా నాయన పక్కన మగ్గంలోనే కూర్చోనుండాడు. అందుకే లేదని చెప్పినా. అట్ల లేదని చెప్పినోళ్ళు ఇంకెంతమంది ఉండారో మీ ట్యాబ్‌కేం తెలుసు?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కరి కోసం సెంటరు నడపలేమని ఉమాశంకర్ మెల్లగా ఏదో అనబోయి, సుధ డాక్టరు లేచి రావడం చూసి ఆపేశాడు. ఆమె ఆహ్వానపత్రిక వెనక తన సొంత ఫోను నంబరు రాసి సోమక్క చేతిలో పెట్టింది. గురువారం అదే టైముకు చెయ్యండి, ఇంకెవరైనా ఉన్నా ఈ నంబరుకే చెయ్యమనండి అంది. పాపన్న మాత్రం వేదిక మీద, శాలువాతో, మైకు పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. కూతురు పోయి దింపుకుని వచ్చింది.

సాయంత్రం ప్యాసింజరులో వాళ్ళతో పాటు నేనూ ఎక్కాను. మేడగది తాళాలు ధర్మవరంలో అప్పగించాలి. పాపన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. పెనుకొండ దాటేదాకా ఒళ్ళో శాలువాను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. చివరికి ఆయన కూతురి వైపు చూడలేక సోమక్క వైపు తిరిగి, గురువారం ఎన్ని గంటలకక్కా, నేను గూడా వస్తా అన్నాడు.

"సరే, రా నాయనా. నేను చెప్పేదాకా మాత్రం బయట కూర్చోవాల" అంది శ్రుతి.

కూర్చుంటాలే అన్నాడు పాపన్న. ఎంతసేపని అడగలేదు.